భయం తగ్గాక చేసిన పనిలో ధైర్యం ఎంత?

రక్తం చూస్తే నాకు స్పృహ తప్పేది. సూది గుచ్చుతున్నప్పుడు గానీ, ఎవరికో గాయమైందని పక్కవాళ్ళు వర్ణించి చెబుతున్నప్పుడు గానీ చెవుల్లో హోరు మొదలయ్యేది, ఒళ్ళంతా చల్లటి చెమట పట్టేది, చూపు అంచుల నుంచి నల్లబడుతూ వచ్చి, కూర్చున్న కుర్చీలోంచి జారిపోయేవాణ్ణి. చిన్నప్పటి నుంచి నడివయసు దాకా ఇదే వరస. ఆ స్థితి నుంచి రక్తదాన కేంద్రంలో చెయ్యి చాపి పడుకునే స్థితికి రావడానికి నేను ఒక చికిత్స తీసుకున్నాను. దాని గురించి, దాని మధ్యలో నన్ను పట్టుకుని ఇంకా వదలని ఒక ప్రశ్న గురించి ఇక్కడ రాస్తున్నాను. రక్తం ఇచ్చి వచ్చిన రోజున తెలిసినవాళ్ళందరూ నా ధైర్యాన్ని మెచ్చుకున్నారు. వాళ్ళు మెచ్చుకున్న పనిలో ధైర్యం దాదాపు లేదనీ, ఉన్నదంతా అంతకు చాలా ముందే, ఎవరి కంటా పడకుండా ఖర్చయిపోయిందనీ నా అభిప్రాయం.

ముందు ఈ భయం సంగతి కొంత చెప్పాలి. వైద్యులు దీన్ని రక్తం, సూది, గాయాల ఫోబియా అంటారు. వందమందిలో ముగ్గురు నలుగురికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది ఉంటుందని అంచనా. ఒకే కుటుంబంలో పలువురికి కనిపించడం మామూలు. మా నాన్నగారికీ ఉండేది. ఎత్తు చూసో, పామును చూసో భయపడే మనిషికి గుండె వేగమూ రక్తపోటూ పెరిగి అలాగే నిలుస్తాయి కనుక, ఎంత హడలిపోయినా అతను సాధారణంగా స్పృహ తప్పి పడిపోడు. రక్తం చూసి భయపడేవారిలో మాత్రం రక్తపోటు మొదట కాసేపు పెరిగి, ఆ వెంటనే ఒక్కసారిగా పడిపోతుంది, గుండె నెమ్మదిస్తుంది, మెదడుకు చాలినంత రక్తం అందక మనిషి కూలబడతాడు. అందువల్ల గుండె దిటవు చేసుకోమని నాకు చిన్నప్పటి నుంచి అందరూ ఇచ్చిన సలహా ఎందుకూ కొరగాలేదు. ఎంత దిటవు చేసుకుని కూర్చున్నా ఒళ్ళు తన పని తాను చేసుకుపోయేది. పిరికితనమని పేరు పడిన దానిలో సగం రక్తనాళాల వ్యవహారమని తెలిశాక నాకు ఎంతో ఊరట కలిగింది, కానీ దాని వెనకే ఒక చిక్కు కూడా వచ్చిపడింది. పడిపోవడం నా తప్పు కానప్పుడు, పడిపోకుండా ఉండడం నా గొప్ప ఎలా అవుతుంది?

చికిత్సకు వెళ్ళడానికి కారణం మా మేనకోడలు. అక్క కూతురికి తలసేమియా మేజర్ ఉంది. ఎర్ర రక్తకణాలలోని హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని జన్యువ్యాధి అది. బతికి ఉండాలంటే కొన్ని వారాలకొకసారి రక్తం ఎక్కించుకుంటూనే ఉండాలి, అలా ఎక్కించడం వల్ల ఒంట్లో పేరుకుపోయే ఇనుమును తొలగించడానికి వేరే మందులు వాడుతూ ఉండాలి. నా రక్తాన్ని ఆ పిల్లకే ఎక్కించే ప్రసక్తి లేదు. ముందుముందు మూలుగ మార్పిడి చేసే అవకాశం ఉన్న పిల్లలకు దగ్గరి బంధువుల రక్తం ఎక్కించకపోవడమే మంచిదని డాక్టర్లు చెబుతారు. కాబట్టి ఆమెకు ఎక్కేది ముక్కూ మొహం తెలియని ఎవరిదో రక్తం. నేను ఇస్తే అది చేరేదీ ముక్కూ మొహం తెలియని ఇంకెవరికో. మా కుటుంబం ఏళ్ళ తరబడి తీసుకుంటున్న ఈ అప్పులో నా వంతుగా తిరిగి ఇచ్చినది ఏమీ లేదు. ఆ మాట అని నన్ను ఎవరూ ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచి ఉంటే రోషంతో వెళ్ళేవాణ్ణేమో, అప్పుడు ఈ రాస్తున్నదంతా వేరేగా ఉండేది. సిగ్గుకు వెరచి చేసే పని పైకి ధైర్యంలాగే కనిపిస్తుందని, కానీ అది అసలైన ధైర్యానికి ఒక మెట్టు కిందనే ఉంటుందని అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో చెప్పాడు. ఆ మాట దగ్గర ఆయనతో నాకు పేచీ లేదు. పేచీ వచ్చిన చోటు ముందుంది.

మా సైకాలజిస్టు వయసులో నాకంటే చిన్నావిడ. మొదటి రోజే, "మీకు ధైర్యం నూరిపోయడం నా పని కాదండీ. బీపీ పడిపోకుండా చూసుకోవడం ముందు నేర్పిస్తాను, భయం సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. ఆమె నేర్పిన పద్ధతిని స్వీడన్‌కు చెందిన సైకాలజిస్టు లార్స్ గోరాన్ ఓస్ట్ 1980ల్లో రూపొందించాడు. మిగతా భయాలకు ఒళ్ళు వదులు చేసుకోవడం నేర్పుతారు. ఈ ఒక్క భయానికి అది బెడిసికొడుతుంది, ఎందుకంటే ఒళ్ళు వదులైన కొద్దీ రక్తపోటు ఇంకా పడుతుంది. అందుకని దీనికి సరిగ్గా వ్యతిరేకమైన పని చేయాలి. చేతులు, ఛాతీ, కాళ్ళ కండరాలను గట్టిగా బిగించి, ముఖంలోకి వెచ్చదనం పాకేవరకు, అంటే 10 నుంచి 15 సెకన్ల పాటు అలాగే ఉంచాలి, తర్వాత పూర్తిగా సడలించకుండా మామూలు స్థితికి మాత్రమే తెచ్చి 20, 30 సెకన్లు ఆగాలి, మళ్ళీ బిగించాలి. ఇలా ఒక్కో విడతకు 5 సార్లు, రోజులో చాలా విడతలు. ఇది చేస్తున్నప్పుడు మనిషి చూడడానికి హాస్యాస్పదంగా ఉంటాడని ఒప్పుకోవాలి. ధైర్యం నేర్చుకోవడానికి బయలుదేరినవాడికి మొదటి పాఠం పిడికిళ్ళు బిగించి ముఖం ఎర్రబడేలా కూర్చోవడం.

ఆ తర్వాత భయాల మెట్లు రాయించారు. ఏ సందర్భంలో ఎంత భయమో 0 నుంచి 100 వరకు అంకె వేయాలి. మనస్తత్వ చికిత్సలో ఈ కొలతను ప్రవేశపెట్టినవాడు జోసెఫ్ వోల్పే. నా మెట్లలో అట్టడుగున రక్తం అనే మాటను పైకి చదవడం ఉంది. దాని పైన వేలి చివర రక్తపు బొట్టు ఉన్న ఫొటో, రక్తం తీస్తున్న వీడియో, సూది లేని సిరంజి చేతిలో పట్టుకోవడం, ఎదురుగా ఇంకొకరికి రక్తం తీస్తుంటే చూడడం, నా చేతి నుంచి పరీక్షకు రక్తం ఇవ్వడం ఉన్నాయి. చిట్టచివరన రక్తదానం, దానికి నేను వేసిన అంకె 100.

ధైర్యం గురించి నాకు తెలిసినదంతా ఈ మెట్లలో కిందివాటి దగ్గరే తెలిసింది. ఫొటో చూడడం ఇంటి దగ్గర చేయవలసిన అభ్యాసం. గదిలో ఒక్కడినే. ఫోనులో ఆ బొమ్మ ఉన్న ఫైలు మీద వేలు పెట్టాలి, అది తెరుచుకున్నాక అంకె సగానికి తగ్గేవరకు చూపు తిప్పుకోకూడదు. బొమ్మ తెరుచుకున్న తర్వాతి నిమిషాలు నేననుకున్నంత కష్టం కాలేదు. కండరాలు బిగించడం, లెక్కపెట్టడం, అంకె రాసుకోవడం లాంటి పనులేవో చేతినిండా ఉండేవి. భరించలేనిది దాని ముందు క్షణం. వేలు తెరకు దగ్గరగా ఆగి ఉంటుంది. చేయకపోతే అడిగేవారు లేరు. చేశానని అబద్ధం చెప్పినా, కాగితం మీద ఊహించి అంకెలు వేసినా సైకాలజిస్టుకు తెలిసే అవకాశం లేదు. చప్పట్లు లేవు, సిగ్గూ లేదు, వెనక నుంచి తోసే చెయ్యి లేదు. భయం మాత్రం నిండుగా ఉంది. ఆ క్షణంలో వేలు కిందికి దిగడానికి కారణమైనది ఏదో, దాన్ని ధైర్యం అనకపోతే ఇంక దేనికీ ఆ పేరు వాడడం కుదరదని నేను అనుకుంటున్నాను.

పేచీ వచ్చేది ఇక్కడే. అరిస్టాటిల్ దృష్టిలో ధైర్యానికి అసలైన చోటు పెద్ద ప్రమాదం, అందులోనూ యుద్ధరంగంలో ఎదురయ్యే మరణం. ఎలుక చప్పుడుకు కూడా అదిరిపడేవాడిది పశుప్రాయమైన పిరికితనమని, ముంగిసను పోలిన ఒక చిన్న జంతువును చూసి భయపడిన మరొకడిది రోగమని అదే గ్రంథంలో ఇంకొక చోట అన్నాడు. ఆయన లెక్క ప్రకారం నేను ఆ రెండోవాణ్ణి. రక్తపు బొట్టు ఫొటోలో ప్రమాదం ఏమీ లేదు కనుక దాన్ని చూడడంలో ధైర్యమూ లేదు. ఉన్నదల్లా జబ్బు, దాని చికిత్స. ఈ వాదన తేలికగా కొట్టిపారేయదగినది కాదు. భయం ఎంత పెద్దదైతే ధైర్యం అంత పెద్దదని అనేస్తే, అందరికంటే పిరికివాడే అందరికంటే ధైర్యశాలి అయ్యే అవకాశం ఎక్కువని ఒప్పుకోవలసి వస్తుంది. మండే ఇంట్లోకి దూకి పసివాణ్ణి బయటికి తెచ్చినవాడి కంటే నేను ధైర్యవంతుణ్ణని నా భయపు అంకె చూపించి వాదించలేను కదా. అయితే ప్రమాదం మాత్రమే కొలబద్ద అన్నా లెక్క కుదరదు. బయట ప్రమాదం ఎంత ఉన్నా, లోపల దాన్ని పట్టించుకోని మనిషికి జయించవలసినది ఏమీ ఉండదు. నాకు తోచినది ఇది: పనికి ఒక విలువ ఉండాలి, చేసేవాడికి లోపల నుంచి ఒక అడ్డు ఉండాలి, చేయకుండా తప్పించుకునే దారి తెరిచి ఉండాలి. ఈ మూడూ ఉన్నప్పుడు ఆ అడ్డు పులి అయినా ఫొటో అయినా అక్కడ జరిగినది ధైర్యమే. ఎంత పెద్దదన్నది మాత్రం పని విలువను బట్టి తేలుతుంది. ఈ లెక్కన నా ఫొటో ధైర్యం చిన్నదే. చిన్నదైనా ధైర్యమే.

పై మెట్లకు వెళ్ళే కొద్దీ ఒక విచిత్రం జరిగింది. పనులు పెద్దవవుతున్నాయి, భయం చిన్నదవుతోంది. క్లినిక్‌లో ఎదురుగా ఒకరి చేతి నుంచి గొట్టంలోకి రక్తం పారుతుంటే చూసిన రోజున, మొదట్లో ఫొటోకు వేసినంత అంకె కూడా వేయలేదు. సైకాలజిస్టు సంతోషించారు, నేనూ సంతోషించాను, కానీ ఏదో పోగొట్టుకుంటున్నట్టు కూడా అనిపించింది. ఆ మాట చెబితే ఆమె స్టాన్లీ రాక్‌మన్ అనే సైకాలజిస్టు పరిశోధన గురించి చెప్పారు. ఉత్తర ఐర్లాండ్‌లో బాంబులను నిర్వీర్యం చేసే బ్రిటిష్ సైనికులను అధ్యయనం చేసినవాడు ఆయన. భయపడుతూనే పనిని వదలకపోవడం ధైర్యమనీ, భయమే లేకుండా చేయడం నిర్భయత్వమనీ, ఈ రెండింటినీ ఒకటిగా చూడకూడదనీ ఆయన వాదించాడు. శౌర్య పతకాలు పొందినవారినీ, అంతే అనుభవం ఉండి పతకాలు పొందనివారినీ ప్రయోగశాలలో పోల్చి చూసిన 1983 నాటి అధ్యయనంలో, ఒత్తిడి వేళ పతకధారుల గుండె వేగం తక్కువగా ఉన్నట్టు తేలింది. ధైర్యంతో చేసిన పనినే మళ్ళీ మళ్ళీ చేస్తూ పోతే భయం తగ్గి, మనిషి చివరకు నిర్భయత్వం వైపు చేరుకుంటాడని కూడా రాక్‌మన్ అన్నాడు. ఈ మాట నాకు అచ్చంగా సరిపోయింది. చికిత్స ఫలించడం అంటే ధైర్యం అవసరం లేకుండా పోవడమే.

ఈ చిక్కు చాలా పాతదని తర్వాత తెలిసింది. ధైర్యం అంటే ఏమిటన్న ప్రశ్న మీద ప్లేటో రాసిన లాకీస్ అనే సంభాషణలో సోక్రటీస్ ఆ పేరుగల సేనానిని ఒక ప్రశ్న అడుగుతాడు. నైపుణ్యం ఉండి బావిలోకి దిగేవాడు, నైపుణ్యం లేకుండానే దిగేవాడు, ఈ ఇద్దరిలో ఎవరు ధైర్యవంతుడు? లేనివాడేనని సేనాని జవాబిస్తాడు. కానీ రానివాడు దిగడం తెలివితక్కువ పని కదా, తెలివితక్కువతనం మెచ్చదగినది ఎలా అవుతుంది అని సోక్రటీస్ పట్టుకుంటాడు. సంభాషణ ముగిసేవరకు ధైర్యానికి నిర్వచనం దొరకదు. నా విషయంలో నేను చెప్పగలిగినది ఏమిటంటే, నైపుణ్యం లేని రోజుల్లో ఒకసారి పంతం పట్టి రక్తదానానికి వెళ్ళి, సూది తీయకముందే నేల మీద పడి ఉంటే అది ధైర్యమే అయ్యేది గానీ ఎవరికీ ఉపయోగపడేది కాదు, పైగా అక్కడున్న నర్సులకు ఇంకొక పని పెట్టేది. ఏళ్ళు తీసుకునైనా నేర్చుకుని వెళ్ళడం మంచిదనే తీర్పు ఇస్తాను. మంచి పని వేరు, ధైర్యమైన పని వేరు; రెండూ ఒకే రోజున కలిసి రావాలని లేదు.

చికిత్స సాగుతున్న ఆ రోజుల్లోనే మా మేనకోడలికి రక్తం ఎక్కిస్తుంటే మొదటిసారి గదిలో ఉండగలిగాను. అంతకు ముందు వరండాలో ఉండిపోయేవాణ్ణి. ఆసుపత్రిలో అందరూ ఆ పిల్లను ధైర్యవంతురాలని అంటారు. పైన చెప్పిన మూడింటిలో తప్పించుకునే దారి ఆమెకు లేదు కనుక అది ధైర్యం కాదనీ, ఓర్పు అనీ నేను అప్పటిదాకా అనుకునేవాణ్ణి. నర్సు వచ్చి ఏ చెయ్యి అని అడిగితే, పిల్ల కాసేపు ఆలోచించి, పోయినసారి కమిలిన చేతిని పక్కన పెట్టి రెండో చెయ్యి తానే చాపింది. నా వైపు తిరిగి, "మామయ్యా, నువ్వు పడిపోతే నన్నెవరూ చూసుకోరు, కూర్చో" అంది. సూది పడుతుందా లేదా అన్నది ఆమె చేతిలో లేదు, నిజమే. చెయ్యి లాక్కోవడమో, చాపడమో ఆమె చేతిలో ఉంది. ఎంచుకునే చోటు ఎంత ఇరుకైనదైనా ధైర్యం అందులో పట్టగలదని ఆ రోజున ఒప్పుకున్నాను. నేను మాత్రం కూర్చుని, కాళ్ళు బిగించి, సెకన్లు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను.

రక్తదానం రోజు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ముందుగా రెండు పెద్ద గ్లాసుల నీళ్ళు తాగమన్నారు. కళ్ళు తిరిగే అవకాశాన్ని అది కొంత తగ్గిస్తుంది. నా సంగతి ముందే చెప్పాను కనుక పూర్తిగా పడుకోబెట్టి తీశారు. వేలు పొడిచి హిమోగ్లోబిన్ చూశారు, చేతికి పట్టీ కట్టారు, సూది దిగింది. సూది ఉన్న చేతిని వదులుగా ఉంచి మిగతా ఒంటిని బిగించడం మాత్రం కొంచెం సాధన కావలసిన విద్య. 10 నిమిషాలు అటూ ఇటూగా సంచి నిండింది. నేను వేసుకున్న అంకె 100కు దగ్గరలో కూడా లేదు. లేచి కూర్చున్నప్పుడు నాలో ఉన్నది గర్వం కాదు, కొద్దిపాటి ఆశ్చర్యం.

ఆ సాయంత్రం వచ్చిన మెచ్చుకోళ్ళు వింటుంటే నాకు ఉత్తర కుమారుడు గుర్తొచ్చాడు. అంతఃపురంలో కోతలు కోసి, కౌరవసేన కంటబడగానే రథం దిగి పరుగు లంకించుకున్నవాడిగానే మనం అతన్ని తలుచుకుంటాం. అర్జునుడు వెంటబడి పట్టి తెచ్చాక, అదే మనిషి పగ్గాలు పట్టి, తనను హడలగొట్టిన ఆ సేన మధ్యలోకే రథం తోలి, యుద్ధం ముగిసేదాకా దాన్ని నడిపాడన్నది ఎవరికీ పట్టదు. తండ్రి విరాటుడు మాత్రం కొడుకే కౌరవులను గెలిచాడని పొంగిపోయి, తప్పుడు పనికి పొగిడాడు. గెలిచింది నేను కాదని ఉత్తరుడు చెప్పుకోవలసి వచ్చింది. లోకం కోతలకు నవ్వుతుంది, గెలుపును పొగుడుతుంది. పగ్గాలు పట్టిన గంటలు లెక్కలోకి రావు.

భయం అసలు లేకపోతే ఎలా ఉంటుందో తెలిపే ఉదాహరణ ఒకటి వైద్యశాస్త్రంలో ఉంది. మెదడులో భయాన్ని పుట్టించడంలో ముఖ్యపాత్ర వహించే అమిగ్డలా అనే భాగం రెండు వైపులా అరుదైన జన్యువ్యాధి వల్ల దెబ్బతిన్న ఒక మహిళను పరిశోధకులు ఏళ్ళ తరబడి పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించారు. పాములంటే ఇష్టం లేదని చెబుతూనే వాటిని చేతుల్లోకి తీసుకుంది, ప్రమాదకరమైనవాటిని కూడా తాకబోతే ఆపవలసి వచ్చింది. ఆమెను ధైర్యవంతురాలని ఎవరూ అనలేదు, అనలేరు కూడా. మన నాట్యశాస్త్రం వీరరసానికి స్థాయీభావంగా, అంటే ఆ రసానికి మూలమైన భావంగా, ఉత్సాహాన్ని చెప్పింది గానీ, భయం లేకపోవడాన్ని చెప్పలేదు. తలపెట్టిన పని వైపు మనసు పూనుకోవడం ఉంటే పక్కన భయం ఉన్నా వీరానికి లోటు లేదన్నమాట. దానవీరం, ధర్మవీరం, యుద్ధవీరం అని మూడింటిని చెప్పి, కత్తి పట్టనివాళ్ళకు కూడా అందులో చోటిచ్చింది. అరిస్టాటిల్ దగ్గర నాకు దొరకని చోటు అక్కడ దొరికింది.

చికిత్స భయాన్ని చెరిపివేయదని, దాని పక్కన కొత్త అనుభవాన్ని రాసి పెడుతుందని, అభ్యాసం మానేస్తే పాతది తిరిగి తలెత్తవచ్చని సైకాలజిస్టు మొదట్లోనే హెచ్చరించారు. అలాగే జరిగింది. ఏవో కారణాలతో చాలాకాలం వెళ్ళక, మళ్ళీ రక్తం ఇవ్వడానికి వెళ్ళిన రోజున అంకె బాగా పెరిగింది, గుమ్మం దగ్గర చెవుల్లో పాత హోరు వినిపించింది. లోపలికి వెళ్ళాను. మొదటిసారి కంటే ఈసారి చేసిన పనిలోనే ధైర్యం ఎక్కువ ఉంది, కానీ ఈసారి ఎవరూ ఏమీ అనలేదు, అందరికీ అలవాటైపోయింది.

ఈమధ్య ఒక స్నేహితురాలికి ఎమ్మారై స్కాన్ తీయించవలసి వచ్చింది. ఇరుకు చోట్లంటే ఆమెకు ఊపిరాడదు. ముందుగా మత్తు కలిగించే మాత్ర ఒకటి వేసుకోవచ్చని డాక్టరు చెప్పారట. అది వేసుకుంటే పిరికితనం అవుతుందా అని నన్ను అడిగింది, నేను మాత్రలు లేకుండా జయించానని ఆమె లెక్క. ఆమె స్కాన్‌కు తేదీ తీసుకోవడానికి ఎన్నిసార్లు ఫోను చేతిలోకి తీసుకుని పక్కన పెట్టిందో నాకు తెలుసు. చివరకు ఫోను చేసి తేదీ ఖాయం చేసుకున్నప్పుడే ధైర్యం చేయవలసిన పని అయిపోయిందని, గొట్టంలో పడుకున్నంతసేపు గుండెలు బాదుకుంటూ ఉంటేనే లెక్క అని ఎక్కడా లేదని, మాత్ర వేసుకోమని చెప్పాను. తిరిగి వచ్చేటప్పుడు బండి నడపవద్దని, తోడుగా ఎవరినైనా తీసుకువెళ్ళమని కూడా గుర్తుచేశాను.